గోమార్ల పంక్తిభోజనం

గొల్లబస్తీలో గోమారి కంటపడితే ప్రాణాలతో వదిలిపెట్టిన మనిషి లేడు. బర్రె చెవి వెనక ఆముదపు గింజలా ఉబ్బి కూర్చున్న ఆ పురుగును రెండు వేళ్లతో పట్టి, మెలిపెట్టి లాగి, బండ మీద వేసి చెప్పుతో ఒక్క నొక్కు నొక్కడం అక్కడి పిల్లలకు అక్షరాభ్యాసం కంటే ముందే అబ్బే విద్య. అలాంటి వంశంలో పుట్టిన నర్మద, చదవగలిగినంత చదివి, గోమార్లను పెంచే ఉద్యోగంలో చేరింది.

ఊరి చివరనున్న పశువ్యాధుల ప్రయోగశాలలో గాజుగొట్టాల నిండా ఆమె పెంచే గోమార్లే. తడి దూది, చల్లని చీకటి, వేళకు ఇంత రక్తం. చంటిపిల్లల వార్డులో నర్సు కూడా అంత పద్ధతిగా ఉండదు. వాళ్లమ్మ బాలమణికి మాత్రం ఈ సంగతి పేరంటాల్లో చెప్పుకోవడం పెద్ద చిక్కు. "మీ బిడ్డ ఏం జేస్తది వదినా?" అంటే "డాక్టరు" అనేది. "పశువులకా, మనుషులకా?" అని రెండో ప్రశ్న వచ్చేలోపు పసుపు గిన్నె అందుకుని ముందుకు జరిగిపోయేది. పురుగుల డాక్టరని ఏ నోటితో చెబుతుంది?

నర్మద చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లీకూతుళ్లు అప్పటినుంచీ పెద్దనాయిన పెంటయ్య, పెద్దమ్మల ఇంట్లోనే ఉంటున్నారు. ఇల్లంటే ఇల్లు, వెనక పెద్ద కొట్టం, కొట్టం నిండా పాడిబర్రెలు. చుట్టూ ముప్పయ్యేసి అంతస్తుల మేడలు లేచి ఎండను మింగేసినా పెంటయ్య కొట్టం కదల్లేదు. కదిలించింది గోమారి జ్వరమే. నిరుడు వానల్లో పాలిచ్చే బర్రెలు కళ్లముందే నెత్తురు లేక పాలిపోయి, నిలబడ్డచోటే కూలాయి. సదర్ పండుగకు ముస్తాబు చేసే దున్నపోతు నవాబుకు కూడా జ్వరం సోకింది గాని, మొండిఘటం, బతికి బట్టకట్టింది. ఆ రోజు పెంటయ్య మేత తొట్టి మీద చెయ్యి వేసి అందరూ వింటుండగా అన్నాడు: "ఇంకొక్కసారి ఈ జ్వరం నా కొట్టంల అడుగువెడితే, మిగిలినయన్ని అమ్మి తాళమేస్త." పెంటయ్య మాట అంటే అన్నట్టే. కొట్టం పోతే ఆయన ఏం చేస్తాడన్నది ఊహించడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు.

అందుకే నర్మద ఒకనాడు ఆయన్ను ప్రయోగశాలకు తీసుకెళ్లింది.

"చంపే మందు కనిపెట్టుమని సర్కారు జీతమిస్తే, మీరు సాదుకుంట కూసున్నరా?" అన్నాడు పెంటయ్య, గాజుగొట్టాల వరస చూసి.

"మందులకు అవి సచ్చుడు మానేసినయ్ పెద్దనాయినా. అందుకే వాటితోని దోస్తీ." తెర మీద ఒక గోమారి కడుపు బొమ్మ పెద్దగా వచ్చింది. దాని నిండా ఎర్రటి చుక్కలు. "ఇగో, ఇది నవాబు నెత్తురు తాగింది. దాంతోపాటే జ్వరం క్రిములు దీని కడుపుల వడ్డయ్. ఇది కిందికి దిగుతది, పాము కుబుసం లెక్క పొట్టు విడుస్తది, నెలల తరబడి ఉపాసముంటది. క్రిములు గూడ అండ్లనే పండుకుంటయ్. మల్ల గోమారి ఇంకో బర్రెను పట్టినప్పుడు, వెచ్చటి నెత్తురు లోపలికి రాంగనే లేస్తయ్. పేగు గోడ దాటి ఉమ్మి తిత్తులకు పోతయ్. ఉమ్మితోని బర్రెలకు."

"అంటే కుట్టంగనే ఎక్కదా?"

"నిద్రలేశి నడిశిపోవాలె గద. ఒకటి రెండు రోజులు వడ్తది."

రెండో బొమ్మలో ఎర్రచుక్కలతోపాటు ఆకుపచ్చ చుక్కలు. అవి నర్మదా, ప్రయోగశాల పెద్ద కామేశ్వరి మేడమూ ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన బ్యాక్టీరియా. పేరు కాపలా. బర్రెకు హాని లేదు, గోమారికి హాని లేదు. "నెత్తురు తగలంగనే ఇవి ముందుగాల ఉమ్మి తిత్తులకు పోతయ్. పోతా పోతా ఎనకనుంచి తొవ్వ మూసేస్తయ్. జ్వరం క్రిములు కడుపులనే ఉండిపోతయ్. గోమారి కుట్టినా జ్వరం రాదు."

పెంటయ్య తెర దగ్గరికి వంగి చూశాడు. "మంచిదే. మరి లోకంల ఉన్న గోమార్లన్నిటికి ఒక్కొక్కదాన్ని పట్టుకొని నువ్వే కాపలా వెడ్తవా బిడ్డా?"

పెద్దాయన సరిగ్గా పుండు మీదనే వేలు పెట్టాడు. నర్మద మూడేళ్లుగా కొట్టుమిట్టాడుతున్నది అక్కడే. గోమార్లు గుంపుగా ఒకేచోట కూర్చుని తాగుతాయి. కాపలా ఉన్న గోమారి ఉమ్మి చర్మంలోకి దిగితే, పక్కన కూర్చున్న మామూలు గోమారి దాన్ని పీల్చుకోవాలి. పక్కదానికి జ్వరం ఎలా అంటుతుందో, ఈ మంచి కూడా అలాగే అంటాలి. కానీ ప్రయోగశాలలో ఎన్నిసార్లు పక్కపక్కన కూర్చోబెట్టినా అంటలేదు. ఆకలితో ఉన్న గోమారి కడుపులో కాపలా బ్యాక్టీరియా కుంభకర్ణుడి నిద్రలో ఉండేది. అది లేచి ఉమ్మిలోకి వచ్చేసరికి పక్కవాటి భోజనం ముగిసేది. బయట, అసలైన కొట్టంలో చూస్తే ఏమైనా తేడా ఉంటుందేమోనని మేడమ్ ఆశ. జ్వరం వచ్చి బతికిన పశువు రక్తంలో క్రిములు మిగిలే ఉంటాయి. కాబట్టి నవాబు ఈ పరీక్షకు అచ్చంగా తగినవాడు.

పెంటయ్య ఒప్పుకున్నాడు. నవాబును పాడిబర్రెలకు దూరంగా విడిగా కట్టారు. నర్మద తన గోమార్లను తెచ్చి వాడి చెవుల వెనక, మెడ కింద, మామూలు గోమార్ల మధ్యన వదిలింది. దీపావళి వెళ్లేదాకా వాటిని ఎవరూ తాకకూడదని అందరి చేతా మాట తీసుకుంది. అంతా బాగానే ఉంది గాని, దీపావళి వెళ్లిన మర్నాడే సదర్ అన్న సంగతి ఆ సంబరంలో ఒక్కరికీ తట్టలేదు.

సదరంటే బస్తీకి పెళ్లి కంటే ఎక్కువ. దున్నపోతుల వెంట్రుకలు నున్నగా గీసి, నూనె పట్టించి, నల్లటి అద్దంలా మెరిపించి, కొమ్ములకు నెమలీకలు, మెడకు గవ్వల పట్టీలు, కాళ్లకు గజ్జెలు కట్టి, డప్పుల మీద ఆడిస్తారు. దసరా వెళ్లగానే ముస్తాబు మొదలవుతుంది. ఆ వారమే పెంటయ్యకు వెలిగింది.

"గోమార్లతోని నవాబును సదర్ల నిలవెట్టాల్నా? నలుగురు మొఖం మీద నవ్వుతరు గద బిడ్డా!"

"చెవుల ఎనక ఉంటయ్ పెద్దనాయినా, ఎవ్వరికి కనవడయ్."

"సదర్ నాడు వచ్చేటోళ్లంత బర్రెలోళ్లే. ముందుగాల సూసేదే చెవుల ఎనక."

అయినా మాట ఇచ్చాడు కాబట్టి ఊరుకున్నాడు. అన్నం సరిగ్గా తినడం మానేశాడు. వంటింట్లోంచి బాలమణి ఇదంతా చూస్తూనే ఉంది. బిడ్డ పని చెడకూడదు, బావ పరువు పోకూడదు. ఆలోచించగా ఆలోచించగా ఆమెకు ఒక ఉపాయం తోచింది. ఉపాయం తోచిన బాలమణిని ఆపడం బ్రహ్మతరం కాదు.

ఆ ఆదివారం నర్మద మేడమ్‌తో కలిసి పక్క జిల్లాకు వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చేసరికి నవాబు నిగనిగలాడుతున్నాడు. చెవులు విదిలించి చూసినా, తోక ఎత్తి చూసినా ఒక్క గోమారి లేదు.

"అమ్మా! గోమార్లు ఏవే? సంపేసిండ్రా?"

"సంపుతమా బిడ్డా! నువ్వు అంత పానం వెట్టి పెంచుకున్నయ్." బాలమణి ముఖం దీపంలా వెలిగిపోతోంది. "నేను, పెద్దమ్మ, పక్కింటోళ్లం అందరం కూసొని, ఒక్కదాని కాలు గూడ ఇరగకుంట మెల్లగ తీసినం. తీసి బర్రెల మీద వెట్టినం."

"బర్రెల మీదనా? ఏ బర్రెల మీద?"

"అన్నిటి మీద. తలా కొన్ని, చెవుల ఎనక, వేరే గోమార్లు ఉన్నకాడ. మరేం జేస్తం? నడుమ భోజనంల ఉన్నయ్ పాపం. పంక్తిల కూసున్నోన్ని ఆకలితోని లేపుతమా? లేపితే ఇంకో పంక్తిల కూసోవెట్టాలె. మనింట్ల ఎన్నడన్న పెండ్లికచ్చినోన్ని సగం కడుపుతోని పంపినమా?"

నర్మద బర్రెల చెవులు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. అమ్మ ఎంత పని చేసిందో అమ్మకు తెలియదు. తీసినవాటిలో కాపలా ఉన్నవి కొన్నే. తక్కినవన్నీ మామూలు గోమార్లు, కిందటి భోజనంలో నవాబు రక్తమే తాగి కడుపు నిండా జ్వరం నింపుకున్నవి. ఈసారి భోజనం సగమయింది, అంటే లోపలి క్రిములు అప్పటికే నిద్రలేచి, ఉమ్మిలోకి వచ్చి కూర్చునే ఉంటాయి. కొత్త బర్రె మీద కూర్చోగానే ఒకటి రెండు రోజులు ఆగే పనే లేదు. మొదటి గుటకలోనే జ్వరం దిగుతుంది. కొట్టం మొత్తానికి బాలమణి తన చేతులతో, ప్రేమగా, వడ్డించి వచ్చింది.

మేడమ్‌కు ఫోన్ చేసింది. కామేశ్వరి మేడమ్ కాకినాడ మనిషి, కొంప మునుగుతున్నా గొంతు పెరగదు.

"ప్రయోగం సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు పశువుల మాట చూడమ్మా. ఇప్పుడే అన్నింటికీ సూదిమందు వేసేస్తే జ్వరం క్రిములు చచ్చిపోతాయి. మన కాపలా కూడా చచ్చిపోతుంది, మూడేళ్ల పని గోదాట్లో కలుస్తుంది, అది వేరే. కానీ నాకొకటి తోస్తోంది నర్మదా. సగం తాగినవి కదా? జ్వరం క్రిములు నిద్రలేచినట్టే, కాపలా కూడా లేచే ఉంటుంది కదా?"

మూడేళ్లుగా వాళ్లు ఆకలిగొన్న గోమార్లనే పంక్తిలో కూర్చోబెట్టారు. ఒక పంక్తి నుంచి సగంలో లేపి ఇంకో పంక్తికి మార్చాలని చదువుకున్నవాళ్లెవరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? ప్రయోగశాలలో తింటున్నదాన్ని కదపకూడదన్నది మొదటి నియమం.

"ఉమ్మి తిత్తులకి కాపలా ముందు చేరిందో, జ్వరం ముందు చేరిందో మనకి తెలీదు" అంది మేడమ్. "నిర్ణయం నీదీ కాదు, నాదీ కాదు. పశువులు ఎవరివో ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పి అడుగు."

నర్మద చెప్పింది. దాచకుండా, తగ్గించకుండా అంతా చెప్పింది. బాలమణి తలుపు పక్కన నిలబడి వింటూ, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెంటయ్య లేచి కొట్టంలోకి వెళ్లి, ఒక్కో బర్రె వీపు మీద చెయ్యి వేసుకుంటూ ఆ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు.

"ఈయేడు సూదేస్తే బతుకుతయ్. వచ్చే వానలకు?"

"మల్ల సూదే."

"ఆ పై ఏడు?"

"కొన్నేండ్లకు సూదికి గూడ క్రిములు సావయ్ పెద్దనాయినా. గోమార్లు మందుకు సావనట్టే."

"అంటే ఇయ్యాల భయపడితే ఏటేటా భయపడుతనే ఉండాలె." ఆయనకు నిరుటి బర్రెలు గుర్తొచ్చాయని అందరికీ తెలిసింది. "ఆగుదాం. ఒక్కదానికి ఒళ్లు కాలినా, ఆ గడియకే అన్నిటికి సూది. సూది అందకముందే ఆ ఒక్కదాన్ని పోగొట్టుకుంటనేమో, ఆ పాపం నాది."

"నాది" అంది బాలమణి లోపలికొచ్చి. "కూసోవెట్టింది నేను. చూసుకునేది గూడ నేనే."

ఆ రోజునుంచి బాలమణి మకాం కొట్టంలోకి మారింది. మంచం అక్కడే, చాయ్ అక్కడే, పక్కింటి వదినలతో ముచ్చట్లూ అక్కడే. చెవి పట్టి చూడటం, థర్మామీటరు పెట్టడం, కళ్ల లోపలి ఎరుపు చూడటం. నర్మద చిన్న సూక్ష్మదర్శినిని కొట్టంలోకే తెచ్చి, గడ్డివాము పక్కన స్టూలు మీద పెట్టింది. జ్వరం ఉంటే ఎర్రకణాల అంచున నల్లచుక్కలు కనిపిస్తాయి. రోజూ రక్తం చుక్క తీసి చూడటం, చుక్కలు లేవని ఊపిరి పీల్చుకోవడం, మర్నాడు మళ్లీ అదే భయం. ఆ రోజుల్లో నర్మదకు పరీక్ష ఫలితం కంటే కొట్టంలో నెమరువేసే చప్పుడు ముఖ్యమైపోయింది. ఏనాడూ గుడికి వెళ్లని మనిషి రెండు మూడు మొక్కులు కూడా మొక్కుకుంది, మేడమ్‌కు చెప్పలేదు.

దీపావళికి కాస్త ముందు, పాడిబర్రెల మీద ముందునుంచీ ఉన్న మామూలు గోమార్లను కొన్ని తీసి, గోనెపట్టా కింద చీకటి చేసి, నీలంరంగు టార్చి వేసింది. కాపలా ఉన్న కడుపు ఆ వెలుగులో పచ్చగా మెరవాలి. మొదటిది మెరిసింది. రెండోది మెరిసింది. గోనెపట్టా కింద ఉన్నవన్నీ లేత చింతాకు రంగులో మెరుస్తూ కూర్చున్నాయి.

"అమ్మా, ఇటు రా! పెద్దనాయినా, రాండ్రి!"

ముగ్గురూ ఒకే గోనెపట్టా కింద తలలు దూర్చారు. "దీపాలు వెట్టుకున్నయ్ గదనే" అంది బాలమణి. నర్మద నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. కాపలా అంటింది. ఇంతవరకూ ఎక్కడా అంటనిది, అమ్మ మార్చిన పంక్తిలో అంటింది. అయితే జ్వరం దిగకముందే అంటిందా, దిగాక అంటిందా? అది ఇంకా తేలలేదు.

సదర్ రోజు మధ్యాహ్నం వాకిట్లో డప్పులు మొదలయ్యాయి. నవాబు నెమలీకల కిరీటంతో నిలబడి, తన అందం తనకు తెలిసినట్టే మెడ తిప్పుతున్నాడు. అంతలో కొట్టంలోంచి బాలమణి కేక.

"బిడ్డా! గౌరికి చెవులు కాలుతున్నయ్!"

డప్పులు వాటంతటవే ఆగాయి. గౌరి పడుచు బర్రె. పొద్దుటినుంచీ మేత ముట్టలేదు, కట్టుగొయ్య చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. థర్మామీటరులో వేడి కాస్త ఎక్కువే ఉంది. పెంటయ్య తలకు చుట్టుకున్న కొత్త రుమాలు విప్పి భుజాన వేసుకున్నాడు. "సూదులు తియ్యి బిడ్డా" అన్నాడు.

నర్మద మందు నింపింది. అయినా ముందు ఒక్క రక్తం చుక్క గాజుపలక మీద వేసి చూసింది. ఎర్రకణాలు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. పలకను జరిపింది. శుభ్రమే. అటు చివర, ఇటు చివర, ఎంత వెతికినా అంచున ఒక్క చుక్క లేదు. మరి ఈ వేడి ఎక్కడిది? తల ఎత్తి గౌరిని చూసింది. గౌరి ఆమెను చూడటం లేదు. మెడ సాచి, వాకిట్లో గజ్జెలు చప్పుడు చేస్తున్న నవాబు వైపు చూస్తూ మళ్లీ ఒక్క పొలికేక పెట్టింది. నర్మద దాని తోక పక్కకు తీసి చూసి, సూది కింద పెట్టేసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏందే, ఏమైంది?"

"జ్వరం గాదమ్మా! నవాబు సింగారం సూశి ఇది ఎదకచ్చింది!"

ముందు పెద్దమ్మ ఫక్కున నవ్వింది, డప్పులవాళ్లు నవ్వారు, వాకిలంతా గొల్లుమంది. పెంటయ్య రుమాలు మళ్లీ తలకు చుట్టుకోబోయి చుట్టుకోలేక, దానితోనే మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు, ఏడుస్తూనే "కొట్టుండ్రి, డప్పు కొట్టుండ్రి!" అని అరిచాడు. ఆ సాయంత్రం సదర్‌లో నవాబు ముందుకాళ్లు ఎత్తి నిలబడినప్పుడు కేరింతలు పై అంతస్తులవాళ్లను కూడా బాల్కనీల్లోకి లాగాయి.

ఆ తర్వాత కూడా ఏ బర్రె రక్తంలోనూ నల్లచుక్క కనబడలేదు, కాపలాయే ముందు చేరిందన్నమాట. అయినా ప్రయోగం కాగితాల లెక్కలో చెడిపోయినట్టే. మేడమ్ అనుమతులు తెచ్చి మళ్లీ మొదటినుంచి చేయించింది. ఈసారి సగం తాగిన గోమార్లను పంక్తి మార్చడమే పద్ధతి, మార్చే చేతులు బాలమణివీ, ఆమె బృందానివీ. మరుసటి వానలు పెంటయ్య కొట్టంలో జ్వరం లేకుండానే వచ్చి వెళ్లాయి. తర్వాత ఒకనాడు పక్క వీధి యాదమ్మ మూతగిన్నె చేతపట్టుకుని వచ్చి, పెరుగు తోడుకు అడిగినట్టే మొహమాటంగా అడిగింది: "ఓ నాలుగు గోమార్లుంటే ఇస్తవా బాలమణీ? మావోడు మీ కొట్టంలకెల్లే తెమ్మన్నడు." ఏ వాకిట్లో గోమారి కనబడితే చెప్పు లేచేదో, ఆ వాకిట్లో దానికి ఇప్పుడు అడిగి తీసుకుపోయే మర్యాద వచ్చింది. మేడమ్ తలపట్టుకుని, ఎవరికి ఇస్తున్నారో కనీసం తనకు ఒక మాట చెప్పమని బతిమాలుకుంది.

దసరాకు పెంటయ్య ఇంకా ఈనని ఒక పడ్డను కొనుక్కొచ్చాడు. తాళం వేస్తానన్న కొట్టంలోకి కొత్త జీవం అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో. దూరం నుంచి వచ్చిన పడ్డ, బెదురు చూపులు చూస్తూ గడప దగ్గర ఆగిపోయింది. బాలమణి దాని నుదుట బొట్టు పెట్టింది, కాళ్ల మీద నీళ్లు పోసింది. నర్మద గౌరి మెడ మీదినుంచి సగం కడుపు నిండిన కాపలా గోమారి ఒకదాన్ని మెల్లగా తీసి, అమ్మ అరచేతిలో పెట్టింది.

"రా తల్లీ, మనింటికే" అంటూ బాలమణి ఆ గోమారిని పడ్డ చెవి వెనక కూర్చోబెట్టింది. పడ్డ ఒక్కసారి చెవి విదిలించి, తర్వాత పచ్చగడ్డి వైపు నడిచింది.